సాఫ్ట్‌వేర్ సింథసైజర్‌కు శ్రుతి ఎందుకు చెదరాలి

1970లో వచ్చిన మినీమూగ్ సింథసైజర్‌తో వాద్యకారులు పడ్డ తిప్పల్లో ఒకటి, శ్రుతి నిలవకపోవడం. మూలం ట్రాన్సిస్టర్‌లో ఉంది. ఈ తరహా వాద్యంలో మీటల నుంచి వచ్చే వోల్టేజి ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి పైకెళ్లాలి, అంటే పౌనఃపున్యం రెట్టింపు కావాలి. ఆ రెట్టింపు ట్రాన్సిస్టర్ చేసే పని: దాని బేస్ దగ్గర సుమారు 18 మిల్లీవోల్టులు పెరిగితే కరెంటు రెట్టింపవుతుంది. అయితే ఈ 18 కూడా ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది, డిగ్రీకి 0.33 శాతం చొప్పున. చూడ్డానికి చిల్లర లెక్కే. కానీ ఆధార స్వరానికి నాలుగు స్థాయిల అవతల అది 16 సెంట్లవుతుంది. అర్ధస్వరమే 100 సెంట్లు. ఇక స్టేజీ లైట్ల వేడి సంగతి చెప్పేదేముంది! వేడికి తగ్గట్టు విలువ మార్చుకునే రెసిస్టర్లు, ఒకే చిప్‌పై జంట ట్రాన్సిస్టర్లు, ఆ చిప్‌ను ఎప్పుడూ ఒకే వేడిలో ఉంచే హీటర్లు, ఇలా ఇంజనీర్లు చేయని ప్రయత్నం లేదు. 1978 నాటి ప్రాఫెట్-5లో బటన్ నొక్కితే మైక్రోప్రాసెసరే స్వరాన్ని పుట్టించే పది ఆసిలేటర్లనూ శ్రుతి చేసేది. 1982లో రోలాండ్ జూనో-6 ఒకేసారి మోగగల తన ఆరు గొంతులనూ ఒకే గడియారానికి కట్టేసింది. సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆ సమస్యే లేదు.

అంత కష్టపడి వదిలించుకున్న దోషాన్ని ఇప్పటి సాఫ్ట్‌వేర్ మళ్లీ కొనితెచ్చుకుంటోంది. ఇది పాతకాలంపై మోజు మాత్రమే కాదనడానికి ఆధారం విస్పందనాల్లో, అంటే దగ్గరి స్వరాలు కలిసి మోగినప్పుడు వచ్చే ఉబ్బుతగ్గుల్లో, దొరుకుతుంది. 440 హెర్ట్జ్ దగ్గర రెండు ఆసిలేటర్ల మధ్య 2 సెంట్ల తేడా ఉంటే మూలస్వరం రెండు సెకన్లకోసారి ఉబ్బి తగ్గుతుంది. అదే సమయంలో పదో అనుస్వరం సెకనుకు ఐదుసార్లు కదులుతుంది. అంటే చెవికి అందేది అపశ్రుతి కాదు, నాదం లోపలి కదలిక. తేడా సున్నా అయితే ఆ రెండూ కలిసి ఒకే గొంతు అవుతాయి. భజనలో పదిమంది ఒకే స్వరం పట్టినా పదిమంది ఉన్నారని తెలిసేది ఇలాంటి తేడాల వల్లే.

అలాగైతే రెండో ఆసిలేటర్‌ను 2 సెంట్లు పక్కకు జరిపి ఊరుకోవచ్చు కదా? చాలదు. ఆ ఉబ్బుతగ్గులు ప్రతి రెండు సెకన్లకూ అచ్చుగుద్దినట్టు తిరిగొస్తాయి, చెవి ఇట్టే పసిగడుతుంది. తేడాయే మెల్లగా మారుతూ ఉండాలి. శాంపిల్ శాంపిల్‌కూ యాదృచ్ఛిక సంఖ్య కలిపితే స్వరం గరగరమంటుంది తప్ప ఈ కదలిక రాదు. సంఖ్యలను పేరుస్తూ పోతే కాసేపటికి శ్రుతి ఎటో వెళ్లిపోతుంది. అందుకే ప్రతి గొంతుకూ విడిగా చిన్న చిన్న నెట్టుళ్లు ఇస్తూ, దాంతోపాటు సున్నా వైపు మెత్తగా వెనక్కి లాగాలి. అన్ని గొంతులనూ ఒకే నెట్టుడు కదిలిస్తే శ్రమంతా వృథా, ఎందుకంటే వాటి మధ్య తేడా మారదు. కోరస్ ఎఫెక్ట్ ఈ లోటు తీర్చదు. అది గొంతులన్నీ కలిసిపోయాక ఆ మిశ్రమాన్ని ఊపుతుంది, అదీ ఒకే లయలో.

ఆనాటి వాద్యకారులు ఈ చెదరడాన్ని తిట్టుకున్నారు, మనమెందుకు నెత్తిన పెట్టుకోవాలి అనే అభ్యంతరం బలమైనదే. కానీ వాళ్లు తిట్టింది పాట చెడగొట్టే పదుల సెంట్ల దోషాన్ని. ప్రాఫెట్ బటన్ సరిచేసేది నొక్కిన క్షణాన ఉన్న తేడానే. ఆ మరుక్షణం నుంచి ఆసిలేటర్లు ఎవరి దారిన అవి మళ్లీ మెల్లగా జరుగుతాయి. రికార్డుల్లో మనం ఇష్టపడేది ఆ మిగులునే. 2020లో ప్రాఫెట్-5 తిరిగి వచ్చినప్పుడు గొంతుల మధ్య తేడాను పెంచే వింటేజ్ నాబ్‌ను తయారీదారులే దానికి అమర్చారు. అలాగని అన్నిచోట్లా దాన్ని తిప్పేయక్కర్లేదు. ఒకే ఆసిలేటర్‌తో మోగే మంద్ర స్వరానికి పోటీపడే రెండో గొంతే ఉండదు కాబట్టి, అక్కడ ఆ నాబ్ ఇచ్చేది ఉత్త శ్రుతిదోషం.