చలి పొద్దున డీజిల్ ఇంజన్ టకటక ఎందుకు?

ధనుర్మాసం తెల్లవారుజామున ఘంటసాల, చల్లపల్లి ప్రాంతాల్లో ట్రాక్టర్ స్టార్టు చేయడం మీరు చూసే ఉంటారు. నాలుగుసార్లు మూలిగి, పొగగొట్టంలోంచి తెల్లటి పొగ వదిలి, ఎవరో ఇనుప రేకు మీద సుత్తితో కొడుతున్నట్టు టకటకమంటుంది. కాసేపటికి పొగ పలచబడి, చప్పుడు మెత్తబడుతుంది. "చలికి అంతేలే" అంటారు కొందరు. "ఇంజన్ బోరుకొచ్చింది" అంటారు మరికొందరు. బోరు అంటే ఇంజన్ మొత్తం విప్పాలి. రైతుకు వేలకు వేలు ఖర్చు. అసలు జబ్బు ఒక చిన్న నాజిల్‌లో ఉంటే ఆ డబ్బంతా దండగే కదా! అందుకని ముందు ఆ చప్పుడు ఎక్కడ పుడుతుందో తెలుసుకుందాం.

నిప్పురవ్వ లేని మంట

పెట్రోల్ ఇంజన్‌లో ఇంధనాన్ని అంటించడానికి స్పార్క్ ప్లగ్గు ఉంటుంది. డీజిల్ ఇంజన్‌లో అది లేదు. మరి మంట ఎలా పుడుతుంది? సైకిలుకు గాలి కొట్టి, పంపు అడుగు భాగాన్ని ముట్టుకుని చూడండి. వెచ్చగా ఉంటుంది. గాలిని గబగబా నొక్కితే వేడెక్కుతుంది. 1858లో పారిస్‌లో పుట్టిన జర్మన్ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ ఈ సూత్రాన్ని ఆధారం చేసుకుని ఇంజన్ తయారుచేసి, 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో విజయవంతంగా నడిపి చూపాడు.

పిస్టన్ పైకి వస్తూ సిలిండర్‌లోని గాలిని సుమారు పదిహేడో వంతుకు కుదిస్తుంది. గాలి 500 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటి వేడెక్కుతుంది. సరిగ్గా ఆ సమయానికి ఇంజెక్టర్ డీజిల్‌ను సన్నని తుంపరగా చిమ్ముతుంది. ఆ తుంపర తనంతట తానే అంటుకుంటుంది.

చప్పుడు ఎక్కడిది?

చిమ్మిన మరుక్షణమే డీజిల్ అంటుకోదు. బిందువులు వేడెక్కి, ఆవిరై, గాలితో కలవాలి. వేడి ఇంజన్‌లో ఇందుకు సెకనులో వెయ్యో వంతు అటూఇటుగా చాలు. ఇంజన్ చల్లగా ఉంటే ఆలస్యం పెరుగుతుంది. ఇంజెక్టర్ మాత్రం ఆగదు, చిమ్ముతూనే ఉంటుంది. గ్యాసు పొయ్యి తిప్పి అగ్గిపుల్ల ఆలస్యంగా గీస్తే ఏమవుతుందో మీకు తెలుసు: పోగైన గ్యాసు భగ్గుమంటుంది. సిలిండర్‌లోనూ అంతే. పోగుపడిన డీజిల్ ఒక్కసారిగా మండి, పీడనం హఠాత్తుగా పెరిగి, పిస్టన్ నెత్తిన దెబ్బ కొట్టినట్టవుతుంది. అదే టకటక. అసలు అంటుకోకుండా బయటికి వచ్చే సన్నటి డీజిల్ బిందువులే కళ్లు మండించే తెల్లటి పొగ.

మన చలి అంత చలా?

ఒక లెక్క చేద్దాం. గాలిని పదిహేడో వంతుకు కుదిస్తే దాని పరమ ఉష్ణోగ్రత సుమారు 2.7 రెట్లు అవుతుంది. వేసవిలో గాలి 38 డిగ్రీలుంటే అది 311 కెల్విన్. కుదించాక 840 కెల్విన్, అంటే 567 డిగ్రీలు. చలి పొద్దున 18 డిగ్రీలుంటే 291 కెల్విన్. కుదించాక 786, అంటే 513 డిగ్రీలు. బయట 20 డిగ్రీల తేడా లోపల 54 డిగ్రీలయింది! ఆలస్యం పెరగడానికి కారణం ఇదే. పైగా ఇంజన్ మెల్లగా తిరిగేటప్పుడు కొంత గాలి రింగుల పక్కనుంచి జారిపోతుంది, కొంత వేడిని చల్లటి ఇనుము లాగేసుకుంటుంది.

అయినా డీజిల్ అంటుకోవడానికి అది చాలినంత వేడే. లడాఖ్‌లో చలికాలం డీజిల్‌లోని మైనం గడ్డకడుతుంది. అందుకే 2019లో ఇండియన్ ఆయిల్ సంస్థ మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని ప్రత్యేక డీజిల్‌ను అక్కడికి తెచ్చింది. కృష్ణా డెల్టాలో ఆ బాధ లేదు. కనుక మన దగ్గర టకటక రెండు మూడు నిమిషాల్లో సర్దుకుంటే చలి అనుకోవచ్చు. ఇంజన్ బాగా వేడెక్కినా తగ్గకపోతే తప్పు చలిది కాదు. అరిగిన రింగులు, చెడిన ఇంజెక్టర్, వీటిలో దొంగ ఎవరో వెతకాలి.

ఇంజెక్టర్ జబ్బులు

ఇంజెక్టర్ లోపల ఒక సూది ఉంటుంది. స్ప్రింగు దాన్ని రంధ్రాలకు అదిమి పట్టి ఉంచుతుంది. పాత తరహా ఇంజన్లలో వాతావరణ పీడనానికి దాదాపు 200 రెట్ల పీడనం వస్తేగాని సూది లేవదు. సూదికీ దాని గూటికీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంత సన్నని చోట ఇసుక రేణువు పడినా, నీటివల్ల తుప్పు పట్టినా సూది సరిగా మూసుకోదు. తుంపర చిమ్మాల్సింది చుక్కలుగా కారుతుంది. పెద్ద చుక్కలు పూర్తిగా మండవు. నల్లపొగ వస్తుంది, డీజిల్ వృథా అవుతుంది. ఆ చుక్కలు ఒకేచోట మండితే చివరికి పిస్టన్‌కే చిల్లి పడవచ్చు.

నీరు ఎక్కడిదంటారా? మన గాలిలో తేమ ఎక్కువ. సగం ఖాళీ ట్యాంకులో రాత్రిపూట ఆ తేమ నీటిబొట్లుగా మారి అడుక్కు చేరుతుంది. సాయంత్రమే ట్యాంకు నింపితే ఖాళీ జాగా ఉండదు, తేమకు చోటూ ఉండదు.

దొంగను పట్టే పద్ధతి

ముందు చెవి పెట్టండి. ఇంజన్ నిమిషానికి 800 సార్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండర్‌లో 400 సార్లు, అంటే సెకనుకు ఆరేడుసార్లు మంట పుడుతుంది. టకటక ఆ లయలోనే ఉంటే తప్పు ఒక సిలిండర్‌దే కావచ్చు. పాత తరహా ఇంజన్లలో మెకానిక్ ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టును కొద్దిగా వదులుచేసి ఆ సిలిండర్‌కు డీజిల్ ఆపుతాడు. దేన్ని ఆపితే టకటక పోతుందో అదే అనుమానితం. తర్వాత దాని ఇంజెక్టర్‌ను పక్క సిలిండర్‌లోకి మారుస్తాడు. చప్పుడు కూడా పక్కకు వెళితే దోషం ఇంజెక్టర్‌ది. అక్కడే ఉండిపోతే దోషం సిలిండర్‌ది. అప్పుడే బోరు మాట ఎత్తాలి. ఒక్కసారి ఒక్కటే మార్చి చూడడం! మీరు ప్రయోగశాలలో చేసేదీ ఇదే.

ఒక హెచ్చరిక. ఈ పని మెకానిక్‌దే, మీది కాదు. ఇంజెక్టర్ తుంపర చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. చెయ్యి పోగొట్టుకునే ప్రమాదం ఉంది. కామన్ రైల్ అనే కొత్త తరహా ఇంజన్లలో పీడనం వాతావరణ పీడనానికి వెయ్యి రెట్లు దాటుతుంది. నడుస్తున్నప్పుడు వాటి నట్టు వదులు చేయనే కూడదు, కంప్యూటర్‌తో పరీక్షించాలి. మూసిన షెడ్డులో ఇంజన్ నడపకండి. పొగలో విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది.

మీరు చేయండి

దూరంగా నిలబడి, మీ వీధిలోని ట్రాక్టర్‌ను గానీ ఆయిల్ ఇంజన్‌ను గానీ వారం రోజులు గమనించండి. ఉదయం ఉష్ణోగ్రత, పొగ రంగు, చప్పుడు తగ్గడానికి పట్టిన నిమిషాలు పట్టికగా రాయండి. చలి తగ్గిన రోజున ఆ నిమిషాలు కూడా తగ్గాయా? తగ్గకపోతే, ఆ పట్టిక తీసుకెళ్లి బండి యజమానికి చూపించండి.