సెకనుకు కిలో, ఏడాదికి ఎంత?

ఒక పైపులో సెకనుకు కిలో చొప్పున ద్రవం పోతోందనుకుందాం. గంటకు 3.6 టన్నులు, రోజుకు 86.4 టన్నులు, ఏడాదికి 31,536 టన్నులు. బడిపిల్లలు చేసే గుణకారమే ఇది. అయితే ఈ సంఖ్యలన్నీ ఒకే సంగతి చెబుతున్నాయనుకుంటే పొరపాటు. మొదటిది ఇప్పుడు పైపులో జరుగుతున్నది. చివరిది, ఏడాది పొడవునా ఇదే తీరున జరుగుతుందని మనం కలిపిన నమ్మకం. కాలమానం మార్చినప్పుడల్లా ఆ నమ్మకం లెక్కలోకి చడీచప్పుడూ లేకుండా దూరుతుంది. ఎక్కడ, ఎంత దూరుతుందో పట్టి చూపించే యంత్రం, పైపులో పోయే ద్రవ్యరాశిని నేరుగా కొలిచే కొరియాలిస్ మాస్ ఫ్లో మీటర్.

దాని పేరులోని గాస్పార్ గుస్తావ్ కొరియాలిస్ 1792లో పారిస్‌లో పుట్టాడు. మరుసటి ఏడాదే ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం రోజుకు పది గంటలు, గంటకు వంద నిమిషాలు, నిమిషానికి వంద సెకన్లు అని చట్టం చేసింది. 1795లో దాన్ని పక్కన పెట్టేశారు. కిలోగ్రాము దశాంశాల దారి పట్టింది, గడియారం మాత్రం పాత అరవైల దగ్గరే ఆగిపోయింది. మనకు 3,600 తప్పకపోవడానికి కారణం ఇదే. కొరియాలిస్ నీటిచక్రాల వంటి తిరిగే యంత్రాల మీద ఆలోచిస్తూ 1835లో తన ప్రసిద్ధ పత్రం ప్రచురించాడు. దాని ఆధారంగా ప్రవాహాన్ని తూచవచ్చన్న ఆలోచనకు పేటెంట్లు 1950ల్లో వచ్చాయి. అమ్మకానికి పనికొచ్చే మీటరు కోసం ఇంకా ఆగాల్సి వచ్చింది. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం, బౌల్డర్‌లో 1977లో జేమ్స్ స్మిత్ స్థాపించిన మైక్రో మోషన్ కంపెనీ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. అంతవరకూ పరిశ్రమలు ఎక్కువగా ఘనపరిమాణం కొలిచి, సాంద్రతతో గుణించి బరువు రాబట్టేవి. పెట్రోలు పది డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒక శాతం వ్యాకోచిస్తుంది. లీటర్లను నమ్ముకున్న లెక్కలో ఎండ కూడా వాటా అడుగుతుంది.

తిరుగుతున్న రంగులరాట్నం మీద మధ్య నుంచి అంచుకు నడిచేవాడిని ఏదో పక్కకు నెడుతున్నట్టుంటుంది; కొరియాలిస్ పేరుతో పిలిచేది ఈ పక్కతోపునే. మీటరులో ఆ తిరుగుడుకు బదులు కంపనం ఉంటుంది. వంపు తిరిగిన గొట్టాన్ని ఒక విద్యుత్ తీగచుట్ట ఆపకుండా ఊపుతుంది. ద్రవం కదలనప్పుడు గొట్టం రెండు పక్కలూ కలిసి ఊగుతాయి. ద్రవం పోతున్నప్పుడు లోపలికొచ్చే వైపు ఊపు వెనకబడుతుంది, బయటికెళ్ళే వైపు ముందుపడుతుంది, గొట్టం రవ్వంత మెలితిరుగుతుంది. రెండు వైపుల సెన్సర్లు పట్టుకునే ఆ తేడా మైక్రోసెకన్లలో ఉంటుంది. ద్రవ్యరాశి ప్రవాహం ఎంత ఎక్కువైతే ఆ జాప్యం అదే నిష్పత్తిలో పెరుగుతుంది. అంటే కిలోలను చెప్పే ఈ యంత్రం నిజానికి కొలిచేది కాలాన్నే. హైదరాబాదు, విజయవాడ బంకుల్లో సీఎన్‌జీని కిలోల్లో అమ్మగలుగుతున్నారంటే ఇలాంటి మీటర్ల వల్లే.

గంటకు 60 కిలోమీటర్ల వేగం అన్నంత మాత్రాన కారు గంటసేపు నడవాలా, సెకనుకు కిలో అన్నదీ అంతే కదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. రేటును రేటుగా చదివినంతవరకూ ఏ కాలమానమైనా ఒకటే. చిక్కంతా దాన్ని పరిమాణంగా చదివినప్పుడే. శాటర్న్-5 రాకెట్ మొదటి దశ సెకనుకు సుమారు 13 టన్నుల ఇంధనాన్ని, ఆక్సిజన్‌ను కలిపి మండించేది. గంటకు 46,800 టన్నులన్నమాట. గుణకారంలో తప్పు లేదు, కానీ ఆ దశ మండేది మూడు నిమిషాలలోపే. ఆ గంట ఏనాడూ లేదు. ఎదురుదిశలో విశాఖ ఉక్కు కర్మాగారాన్ని చూడండి. ఏడాదికి 73 లక్షల టన్నుల సామర్థ్యం అంటే రోజుకు 20,000 టన్నులు, సెకనుకు సుమారు 231 కిలోలు. ఉక్కు కన్వర్టర్లలో విడతలు విడతలుగా తయారవుతుంది, అక్కడ సెకనుకు 231 కిలోల ధార ఎక్కడా పారదు. పైగా ఏడాదికి ఎన్ని గంటలు? క్యాలెండరు 8,760 అంటుంది. మరమ్మతులకు ఆపే రోజులు తీసేసి రసాయన కర్మాగారాల డిజైనర్లు తరచుగా 8,000 పట్టుకుంటారు. మన గంటకు 3.6 టన్నుల పైపు అప్పుడు ఏడాదికి 28,800 టన్నులే ఇస్తుంది. 2,736 టన్నులు పైపులోంచి కారిపోలేదు, నిర్వచనంలోంచి పోయాయి.

ఇంకో అభ్యంతరం మరింత పదునైనది: గుణకారం దోషాన్ని పెంచినా, దాని శాతం మారదు కదా? ప్రవాహంతో పాటు పెరిగే దోషానికి ఇది నిజం. కొరియాలిస్ మీటరుకు మరో దోషం కూడా ఉంది. ద్రవం నిశ్చలంగా ఉన్నా బిగింపులోని ఒత్తిడి వల్ల, ఉష్ణోగ్రత మార్పు వల్ల రెండు వైపుల మధ్య చిన్న బూటకపు జాప్యం కనిపించవచ్చు. అది సెకనుకు ఒక గ్రాముకు సమానమనుకుందాం. ప్రవాహం సెకనుకు పది కిలోలుంటే దాన్ని ఎవరూ పట్టించుకోరు. కానీ వాల్వు మూసి ఉంచినా మొత్తాలు కూడుకునే లెక్కపెట్టె ఆగదు: రోజుకు 86.4 కిలోలు, ఏడాదికి 31.5 టన్నుల లేని సరుకు. అందుకే గొట్టం నిండా ద్రవం ఉంచి, వాల్వులు బిగించి, మీటరుకు సున్నా సరిచేస్తారు. ఆ పైన ఒక హద్దు పెట్టి, అంతకంటే తక్కువ ప్రవాహాన్ని సున్నాగానే రాయమని చెబుతారు. ఆ హద్దు కింద నిజంగానే సన్నగా పారే సరుకూ లెక్కకు రాదు. కొనేవాడు హద్దు పైకి జరపమంటాడు, అమ్మేవాడు కిందికి దించమంటాడు. కాబట్టి దాన్ని యంత్రానికి వదిలేయకుండా ఒప్పందంలోనే రాసుకోవాలి.