నోరులేని అతిథికి ఆపద వచ్చినచో

పెండ్లికో, తీర్థయాత్రకో ఊరు వెళ్ళునప్పుడు పెంపుడు కుక్కను సంరక్షణాలయమున విడిచిపోవుట నేడు మన నగరములలో వాడుకయైనది. యజమాని దూరమున నుండును. జంతువునకు నోరు లేదు. అట్టి సమయమున దానికి ప్రాణాపాయము కలిగినచో, వైద్యుడు అందులోపల దాని ప్రాణము సంరక్షకుని చేతిలోనే యుండును. ఆ చేతికి ముందుగా శిక్షణ కావలెను.

మొదటి పాఠము ఆరోగ్య లక్షణములను గుర్తించుట. కుక్క శరీరోష్ణత సాధారణముగా 101 నుండి 102.5 డిగ్రీల ఫారెన్‌హీటు వరకు ఉండును. చిగురును వేలితో నొక్కి వదలినచో రెండు సెకండ్లలో గులాబిరంగు తిరిగి రావలెను. జంతువు చేరిన దినముననే వీనిని చూచి వ్రాసిపెట్టినచో, పిదప కలుగు మార్పు సులభముగా తెలియును.

మన వేసవిలో మిక్కిలి భయపడవలసినది వడదెబ్బ. మనకు వలె కుక్కకు ఒడలంతయు చెమట పట్టదు. రొప్పుటయే అది చల్లబడు ముఖ్యమార్గము. పగ్ వంటి చప్పిడిముక్కు జాతులకు అదియు కష్టమే. వేడి 105 డిగ్రీలు దాటి, జంతువు తూలుచున్నచో, నీడకు చేర్చి, చన్నీటితో తడిపి విసరవలెను. 103కు దిగినంతనే తడుపుట మానవలెను. లేనిచో మితిమీరి చల్లబడును. చల్లార్చుట ముందు, ప్రయాణము తరువాత.

పెద్దజాతి కుక్క పొట్ట ఉబ్బి, వాంతికి యత్నించినను ఏమియు రాకున్నచో, కడుపు మెలిపడి యుండవచ్చును. దానికి శస్త్రచికిత్సయే శరణ్యము. ఇంటివైద్యముతో కాలము గడుపరాదు. మనుష్యుల మందులను తోచినట్లు వాడుటయు ప్రమాదమే. పారాసెటమాలు ఒక్క బిళ్ళయైనను పిల్లి ప్రాణము తీయగలదు.

తెలిసియుండుట వేరు, చేయగలుగుట వేరు. ఫోను చేయువారెవరు, జంతువును పట్టుకొనువారెవరు, బండి సిద్ధపరచువారెవరు అను విషయములను ముందే నిర్ణయించి, నెలకొకమారు అభ్యసింపవలెను. గుండె ఆగిన జంతువునకు నిమిషమునకు 100 నుండి 120 మారులు రొమ్ము నొక్కవలెనని రికవర్ మార్గదర్శకములు చెప్పుచున్నవి. ఇది పశువైద్యుని చెంత చేతితో నేర్వవలసిన విద్య. బాధలో నున్న కుక్క తన వారినైనను కరచును. కరచినచో గాయమును సబ్బుతో, పారునీటి క్రింద 15 నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను.

యజమానులకును బాధ్యత కలదు. జంతువు బరువు, టీకాలు, వాడు మందులు, వైద్యుని ఫోను సంఖ్య వ్రాసి ఇయ్యవలెను. తాము ఫోనులో దొరకనిచో చికిత్సకు ఎంతవరకు వ్యయపరుపవచ్చునో కూడ కాగితముపై తెలుపవలెను. అనుమతికై ఎదురుచూచుటలో ప్రాణము పోరాదు గదా! కుక్కను అప్పగించు ముందు, రాత్రివేళ అచ్చట ఎవరుందురో, ఏ వైద్యుని పిలుతురో అడిగి తెలిసికొనుడని శ్రోతలకు మా మనవి.