కంప్యూటర్ తన పేరు మరిచిపోతే?



"కరెంటు లేకపోయినా కంప్యూటర్‌కు టైమ్ ఎలా తెలుస్తుంది?" అని మీ పిల్లలు ఎప్పుడైనా అడిగారా? మామూలు డెస్క్‌టాప్ మూత తీస్తే జవాబు కనిపిస్తుంది. మదర్‌బోర్డు మీద నాణెంలాంటి చిన్న బ్యాటరీ ఉంటుంది.

కొన్ని పాత కంప్యూటర్లలో మాత్రం ఎంత వెతికినా బ్యాటరీ కనబడదు. ఇంజినీర్లు, పరిశోధకులు వాడిన వర్క్‌స్టేషన్లు ఇలాంటివే. అమెరికాకు చెందిన సన్ మైక్రోసిస్టమ్స్ 1989లో తెచ్చిన స్పార్క్‌స్టేషన్ 1 అందుకు ఉదాహరణ. ఈ సంస్థ వ్యవస్థాపకుల్లో మన ఐఐటీ ఢిల్లీలో చదివిన వినోద్ ఖోస్లా ఒకరు.

ఆ బ్యాటరీ ఎక్కడ?

ఒక చిప్ లోపలే! లిథియం బ్యాటరీ, గడియారం, కొద్దిపాటి మెమరీ కలిపి ఒకే నల్లటి దిమ్మెగా తయారుచేశారు. ఆ మెమరీలోనే యంత్రం ఈథర్నెట్ అడ్రస్, హోస్ట్ ఐడీ ఉంటాయి. మనకు ఆధార్ నంబరులా యంత్రానికి ఇవి గుర్తింపు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ల లైసెన్సులు కూడా చాలావరకు ఆ హోస్ట్ ఐడీకే ముడిపడి ఉండేవి.

బ్యాటరీ సుమారు పదేళ్లు పనిచేస్తుంది. అది అయిపోయాక ఈథర్నెట్ అడ్రస్ ఉండాల్సిన చోట అన్నీ 'ఎఫ్' అక్షరాలే కనిపిస్తాయి. మిగతా భాగాలన్నీ బాగున్నా, యంత్రమే పాడైందనుకుని తుక్కుకు వేసే ప్రమాదం ఉంది.

గుర్తుపట్టడం ఎలా?

• ఎత్తు: పక్క చిప్‌ల కంటే బాగా మందంగా ఉంటుంది.
• సాకెట్: బోర్డుకు అతికించరు, తీసి మార్చేలా సాకెట్‌లో ఉంటుంది.
• స్టిక్కర్: పైన బార్‌కోడ్ అంటించి ఉంటుంది.
• నంబరు: '48టీ02' అని ఉంటే 24 కాళ్లు, 2 కిలోబైట్ల మెమరీ. '48టీ08' అయితే 28 కాళ్లు, 8 కిలోబైట్లు.
• తేదీ: 9432 అంటే 1994లో 32వ వారం తయారైందని అర్థం. చిప్ వయసు పిల్లలతోనే లెక్కకట్టించండి.

ఎత్తు ఒక్కటే చూసి నిర్ణయించకండి. నంబరు కూడా సరిపోవాలి.

ముందు రాసుకోండి, తర్వాత తీయండి

యంత్రం ఇంకా పనిచేస్తుంటే, 'ఓకే' గుర్తు దగ్గర 'బ్యానర్' అనే ఆదేశం ఇస్తే రెండు నంబర్లూ తెర మీద వస్తాయి. వాటిని రాసి ఉంచుకుంటే కొత్త చిప్‌లో మళ్లీ నింపవచ్చు. పాత చిప్‌ను కోయడం, వేడిచేయడం చేయకూడదు. లోపల లిథియం ఉంది.

ఒక హెచ్చరిక: ఇంట్లోని కంప్యూటర్, రిమోట్, బొమ్మల్లో ఉండే బిళ్ల బ్యాటరీలను చిన్నపిల్లలకు అందకుండా ఉంచండి. మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళం కాలిపోవచ్చు. అనుమానం వచ్చినా ఆలస్యం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.