నమాజు వేళలు – నీటి తడులు

ఎండిన నేలపై వాన కురిపించి, దానికి మళ్లీ ప్రాణం పోసే అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైనా, వారి కుటుంబీకులపైనా, అనుచరులందరిపైనా అల్లాహ్ కారుణ్యం, శాంతి వర్షించుగాక!



జుమా నాడు మన మస్జిదులు నిండిపోతాయి. లోపల చోటు చాలక వరండాలో, మెట్ల మీద కూడా చాపలు పరచవలసి వస్తుంది. మరునాటి ఫజ్ర్ వేళకు అదే మస్జిదులో ఒక్క వరుస నిండడం గగనమవుతుంది. నిన్న భుజం భుజం కలిపి నిలబడినవారు ఈ రోజు ఎందుకు కానరావడం లేదు? ఎవరినీ నిందించడానికి ఈ ప్రశ్న వేయడం లేదు. మనలో చాలామంది మనసులో ఒక లెక్క ఉంది: “వారానికి ఒకసారి వస్తున్నాం కదా, తక్కినది అల్లాహ్ మన్నిస్తాడు.” ఈ లెక్క ఎంతవరకు సరైనదో ఈ రోజు పరిశీలిద్దాం.

మనం నాగార్జున సాగర్ ఎడమ కాలువ కింద బతికే జనం. 1955 డిసెంబరు 10న ఆ ఆనకట్టకు పునాదిరాయి పడింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. అప్పటి నుండి మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల పొలాలు ఆ నీటినే నమ్ముకున్నాయి. ఆ పొలాలలో పనిచేసే మనకు ఒక సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. పంటకు కావలసిన నీరంతా ఒక్క రోజున పారించి, తరువాత నాలుగు నెలలు తూము మూసివేస్తే పైరు బతకదు. మొదటి రోజు మునిగి కుళ్లిపోతుంది, తరువాత ఎండిపోతుంది. అందుకే తడి వెంట తడి ఇస్తారు. నీరు తక్కువైన ఏడాది ఆన్ అండ్ ఆఫ్ పద్ధతిలో వంతుల వారీగా వదులుతారు. వంతు తప్పిన రైతు గట్టుమీద ఎంత ఆందోళనతో తిరుగుతాడో మనకు తెలుసు.

మనిషి హృదయం కూడా అటువంటి నేలే. ఉదయం మెత్తబడిన మనసు మధ్యాహ్నపు బేరసారాలలో గట్టిపడుతుంది. సాయంత్రపు అలసటలో, కోపతాపాలలో బీటలు వారుతుంది. దానికి వారానికి ఒక్క తడి చాలదు. కనుకనే అల్లాహ్ నమాజును రోజుకు ఐదు వేళలకు పంచి విధిగా చేశాడు. విశ్వాసులపై నమాజు నిర్ణీత సమయాలతో కూడిన విధి అని దివ్య ఖుర్‌ఆన్‌లోని నిసా సూరా (4:103) స్పష్టం చేస్తున్నది. మేరాజ్ రాత్రి మొదట యాభై నమాజులు విధించబడి, చివరకు ఐదుగా తగ్గించబడ్డాయని, వాటి ప్రతిఫలం మాత్రం యాభైకి సమానంగానే నిలిచిందని ప్రామాణిక హదీసులు తెలుపుతున్నాయి. భారం తగ్గింది, ప్రతిఫలం తగ్గలేదు. ఇంతటి సడలింపు పొందిన తరువాత ఆ ఐదింటిని కూడా వారానికి ఒకటిగా కుదించుకునే హక్కు మనకెక్కడిది?

ఈ వేళలను కూడా అల్లాహ్ మన ఇష్టానికి వదిలిపెట్టలేదు. జిబ్రీల్ (అలైహిస్సలాం) రెండు రోజులు వచ్చి దైవప్రవక్త (స)కు నమాజు చేయించారు. మొదటి రోజు ప్రతి నమాజును దాని తొలి వేళలో, రెండవ రోజు చివరి వేళకు దగ్గరగా చేయించి, ఈ రెంటి నడుమ ఉన్నదే సమయమని తెలియజేశారు. తెల్లవారుజామున తూర్పు దిక్కున అడ్డంగా వెలుగు పరచుకున్నది మొదలు సూర్యోదయం వరకు ఫజ్ర్. సూర్యుడు నడినెత్తి నుండి పడమటికి వాలినప్పుడు జుహ్ర్ మొదలవుతుంది. వస్తువు నీడ దానంత పొడవైనప్పటి నుండి, హనఫీ పండితులలో ప్రసిద్ధమైన అభిప్రాయం ప్రకారం రెండింతలైనప్పటి నుండి, అస్ర్ వేళ. సూర్యాస్తమయం నుండి పడమటి కాంతి మాసిపోయేవరకు మగ్రిబ్. ఆ తరువాత ఇషా. గడియారం లేని పల్లెలో కూడా వెలుగునూ నీడనూ చూసి ఎవరైనా తెలుసుకోగల వేళలివి. ఈ ఐదింటిలో విధిగా చేయవలసిన రకాతులు వరుసగా రెండు, నాలుగు, నాలుగు, మూడు, నాలుగు, మొత్తం పదిహేడు.

“మా పనికి తీరిక లేదు” అనే మాట తరచూ వింటాం. రైస్ మిల్లులో హమాలీ, మార్కెట్ యార్డులో గుమాస్తా, విజయవాడ రహదారిపై లారీ నడిపే డ్రైవరు, నాట్లు వేసే కూలీ – వీరి ఇబ్బంది నిజమైనదే. ధర్మం ఆ ఇబ్బందిని గుర్తించింది. భూమి అంతా తన సముదాయానికి ప్రార్థనా స్థలంగానూ, శుద్ధి సాధనంగానూ చేయబడిందని దైవప్రవక్త (స) తెలిపారు. అంటే శుభ్రమైన పొలం గట్టు కూడా నమాజుకు చాలును. మడిలోని బురద దానంతటది అపవిత్రం కాదు. బట్టకు మట్టి అంటిందని నమాజు మానుకోనక్కరలేదు; మలినం తగిలితే మాత్రం కడుక్కోవాలి. నీరు దొరకనప్పుడు, లేదా నీరు తగిలితే జబ్బు ముదిరే ప్రమాదం ఉన్నప్పుడు, తయమ్ముమ్ ఉంది. ప్రయాణంలో నాలుగు రకాతుల ఫర్జ్ నమాజు రెండుగా తగ్గుతుంది. ఎంత దూరాన్ని ప్రయాణంగా లెక్కించాలో మీ మస్జిదు ఆలింను అడిగి తెలుసుకోండి. మూలవ్యాధితో బాధపడిన ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు దైవప్రవక్త (స) నిలబడి నమాజు చేయమని, అది వీలుకాకుంటే కూర్చుని, అదీ వీలుకాకుంటే పక్కకు ఒరిగి పడుకుని చేయమని ఉపదేశించారు. ఇన్ని ద్వారాలు తెరిచి ఉంచిన ప్రభువు ముందు తీరిక లేదన్న సాకు నిలవదు. నాలుగు రకాతులకు పట్టే కాలం టీ తాగి వచ్చేందుకు పట్టే కాలాన్ని మించదు.

మరికొందరు ఒక హదీసును ఆధారంగా చూపుతారు. ఒక జుమా నుండి మరో జుమా వరకు జరిగిన తప్పులు మన్నించబడతాయని ఉంది కదా, ఇక చాలదా అంటారు. ముస్లిం హదీసు గ్రంథంలో ఉన్న ఆ బోధను పూర్తిగా చదవాలి. అందులో మొదట పేర్కొనబడినవి ఐదు పూటల నమాజులు. ఆ తరువాతనే జుమా ప్రస్తావన వస్తుంది. పైగా ఘోరపాపాలకు దూరంగా ఉండాలన్న షరతు కూడా ఉంది. ఐదింటినీ వదిలి జుమాను మాత్రమే పట్టుకున్నవాడు ఆ శుభవార్తలో సగాన్ని చెరిపివేసి, తక్కిన సగాన్ని తన ఖాతాలో వేసుకుంటున్నాడు.

ఇదే విషయాన్ని దైవప్రవక్త (స) నీటి ఉపమానంతో బోధించారు. ఇంటి ముంగిట ఏరు పారుతూ ఉంటే, అందులో రోజుకు ఐదుసార్లు స్నానం చేసేవాని ఒంటిపై మురికి మిగులుతుందా అని అనుచరులను అడిగారు. మిగలదని వారు బదులిచ్చారు. ఐదు పూటల నమాజుల సంగతీ అంతేనని, వాటి ద్వారా అల్లాహ్ పాపాలను తుడిచివేస్తాడని వివరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండూ ఈ హదీసును ఉల్లేఖించాయి. కృష్ణమ్మ ఒడ్డున ఉండే మనకు ఈ ఉపమానం ఇట్టే అర్థమవుతుంది. ఏరు ముంగిట పారుతున్నా అందులో దిగనివాని మురికి పోదు.

సోదరులారా! దిగడం కూడా సరిగా దిగాలి. ఒక వ్యక్తి మస్జిదులోకి వచ్చి హడావుడిగా నమాజు ముగించాడు. దైవప్రవక్త (స) అతనిని తిరిగి వెళ్లి చేయమన్నారు, నీవు నమాజు చేయలేదన్నారు. మూడుసార్లు ఇలాగే జరిగింది. చివరకు నేర్పమని అతడే వేడుకోగా, రుకూలో నిలకడగా వంగాలని, లేచి నిటారుగా నిలబడాలని, సజ్దాలో స్థిమితం పొందాలని నేర్పారు. నీరు మడి మీదుగా జారిపోతే తడి కాదు, నేలలోకి ఇంకాలి. మనం పదిహేడు రకాతులలోనూ ఫాతిహా సూరా పఠిస్తాం లేదా ఇమాం పఠనాన్ని అనుసరిస్తాం. అందులో ప్రభువును స్తుతించి, ఆయననే ఆరాధిస్తామని, ఆయన సాయాన్నే కోరుతామని ఒప్పుకుని, రుజుమార్గం చూపమని వేడుకుంటాం. అరబీ పలుకులు నోటికి వచ్చి, తెలుగులో వాటి భావం మనసుకు రాకపోతే, మనం ఏమి అడుగుతున్నామో మనకే తెలియదు. ఈ వారం ఆ ఏడు వాక్యాల అర్థాన్ని తెలుగు అనువాదంలో చదవండి, ఇంట్లో పిల్లలకు వినిపించండి.

నమాజు తప్పిపోతే ఏమి చేయాలి? ఏళ్ల తరబడి వదిలేశాను, ఇప్పుడు ఏ ముఖంతో వెళ్లను అని కుమిలిపోయేవారు మన మధ్య ఉన్నారు. వారిని నిరాశ నుండి బయటకు తేవలసిన బాధ్యత మనది. కందకం యుద్ధ సమయంలో శత్రువుల ఒత్తిడి వల్ల దైవప్రవక్త (స)కే అస్ర్ వేళ దాటిపోయింది. వారు సూర్యాస్తమయం తరువాత ముందుగా అస్ర్ నెరవేర్చి, పిదప మగ్రిబ్ చేశారు. మరచిపోయినా, నిద్రపోయినా, గుర్తుకు రాగానే నమాజు నెరవేర్చాలని బోధించారు. కాలువకు గండి పడితే తెలివైన రైతు కాలువనే వదులుకోడు. మట్టి బస్తాలు మోసి గండి పూడుస్తాడు, తదుపరి వంతుకు సిద్ధమవుతాడు. గతానికి పశ్చాత్తాపం, తప్పినవాటికి ఆలిం సలహాతో ఖజా, రాబోయే వేళకు సన్నద్ధత – ఇదే మార్గం.

ఇక వుజూ సంగతి. దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో వుజూ చేసేవారని అనస్ (రజి) తెలిపారు. ముద్ద్ అంటే రెండు అరచేతులు నిండే కొలత, లీటరుకు తక్కువే. మన మస్జిదు కుళాయిల కింద ఒక్కొక్కరి వుజూకు ఎంత నీరు పోతున్నదో గమనించండి. ఫ్లోరైడ్ నీటితో తరతరాలు నడుములు వంగిన నల్గొండ గడ్డ మనది. మంచినీటి విలువ మనకు ఒకరు చెప్పవలసిన పని లేదు. ఆరాధన పేరుతో దానిని వృథా చేయడం ఆరాధనకు శోభ కాదు.

చివరిగా, నమాజు ఫలించిందో లేదో తెలిసేది ఎక్కడ? అది అశ్లీలం నుండి, చెడుల నుండి ఆపుతుందని దివ్య ఖుర్‌ఆన్ (29:45) చెబుతున్నది. మాఊన్ సూరా ఇంకొక అడుగు ముందుకు వేసి, తమ నమాజు పట్ల అశ్రద్ధ వహించి, నలుగురు చూడాలని చేస్తూ, ఇరుగుపొరుగుకు చిన్నపాటి సాయం కూడా నిరాకరించే వారిని తీవ్రంగా హెచ్చరించింది. మదీనాలో జుబైర్ (రజి)కీ ఒక అన్సారీకీ కాలువ నీటి విషయమై తగవు వచ్చింది. జుబైర్ (రజి) పొలం ఎగువన ఉంది. నీ తోటకు పెట్టుకుని ఆ తరువాత పొరుగువానికి నీరు వదులు అని దైవప్రవక్త (స) ఆయనకు చెప్పారు. ఎగువవానికి మొదటి వంతు ఉంది, దిగువవానికి హక్కు ఉంది. ఫజ్ర్‌కు మొదటి వరుసలో నిలబడి, రాత్రి చీకటిలో తూముకు అడ్డుకట్ట వేసి చివరి ఆయకట్టు రైతు పైరు ఎండబెట్టేవాడు తన నమాజు ఎక్కడ ఇంకిపోతున్నదో ఆలోచించుకోవాలి. ఆ దిగువ రైతు ముస్లిం కావచ్చు, కాకపోవచ్చు. అతని హక్కు మాత్రం మారదు.

కనుక సోదరులారా! వచ్చే జుమా కోసం వేచి ఉండకండి. ఈ జుమా తరువాత మొదట వచ్చే వేళ అస్ర్. పొలంలో ఉంటే గట్టు మీద, మిల్లులో ఉంటే ఒక మూల, దారిలో ఉంటే దగ్గరి మస్జిదులో దానిని నెరవేర్చండి. ఆ తరువాత మగ్రిబ్, ఆపై ఇషా. రేపు తెల్లవారుజామున ఫజ్ర్. తడి వెంట తడి అందితేనే పంట చేతికి వస్తుంది.

ఓ అల్లాహ్! మమ్మల్నీ మా సంతానాన్నీ నమాజును నెలకొల్పేవారిగా చేయి. తప్పిపోయినవాటిని మన్నించు, రాబోయేవాటికి శక్తినివ్వు. మా నమాజును మా మాటలో, మా తూకంలో, మా నీటి వంతులో కనబడేలా చేయి. మా కాలువలలో నీరు నిండుగా పారించు, మా హృదయాలను ఎండిపోనివ్వకు. ఆమీన్.