జనరేటర్‌కి ఒక్క సెట్టింగ్ ఎందుకు సరిపోదు? తనని తాను మార్చుకునే కంట్రోలర్ కథ

మీ ఫోన్ ఇప్పుడు ఛార్జింగ్‌లో ఉందనుకోండి. ఆ ప్లగ్‌లో కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతోంది. అదే 50 హెర్ట్జ్. మన గ్రిడ్ నడిపేవాళ్లు దీన్ని 49.90కీ 50.05కీ మధ్యే ఉంచాలని చూస్తారు. అంత సన్నటి గీత మీద దేశం మొత్తం నడుస్తోందన్నమాట.

ఈ 50 ఎక్కణ్ణుంచి వస్తుంది? జనరేటర్ తిరిగే స్పీడు నుంచి. బొగ్గు ప్లాంటులో పెద్ద జనరేటర్ మామూలుగా నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. సాయంత్రం అందరూ ఏసీలు వేశారంటే దానిమీద బరువు పడుతుంది, స్పీడు కొంచెం తగ్గుతుంది. వెంటనే గవర్నర్ అనే కంట్రోలర్ ఆవిరి వాల్వు ఇంకాస్త తెరుస్తుంది. "స్పీడు ఇంత తగ్గితే వాల్వు ఇంత తెరువు" అని దానికి ముందే ఒక నంబరు ఇచ్చి ఉంటారు. దాన్ని గెయిన్ అంటారు. ఇవాళ్టి మన ఎపిసోడ్ అంతా ఈ నంబరు గురించే.

స్కూటీ మీద ఒక్కరే వెళ్తున్నప్పుడు ఎక్స్‌లరేటర్ ఎంత తిప్పాలో మీ చేతికి అలవాటే. అదే స్కూటీ మీద నిండు గ్యాస్ సిలిండర్ పెట్టుకుని ఫ్లైఓవర్ ఎక్కండి. పాత అలవాటు పని చేయదు. బండి అదే, చెయ్యీ అదే, పరిస్థితి మారింది. జనరేటర్ బాధ కూడా ఇదే.

జలవిద్యుత్ సంగతి చూడండి, ఇది నాకు భలే నచ్చే విషయం. పవర్ పెంచాలని గేటు గబుక్కున తెరిస్తే, మొదటి క్షణాల్లో పవర్ పెరగదు, తగ్గుతుంది! ఎందుకంటే పెద్ద పైపులో ఉన్న టన్నుల కొద్దీ నీళ్లు వెంటనే వేగం అందుకోలేవు. దారి పెద్దదైంది, నీళ్లు ఇంకా కదల్లేదు, దాంతో టర్బైన్ దగ్గర ఒత్తిడి పడిపోతుంది. కంట్రోలర్ తొందరపడి "ఏంటి తగ్గింది?" అని ఇంకా తెరిచిందనుకోండి, పని చెడుతుంది. పైగా నీటిమట్టం రోజూ ఒకేలా ఉండదు కదా. శ్రీశైలంలో నీళ్లు 885 అడుగులకి నిండిన రోజూ, ఎండాకాలం కిందికి దిగిపోయిన రోజూ టర్బైన్ ఒకేలా స్పందించదు.

ఇక రెండో తలనొప్పి, నాన్‌లీనియర్. లీనియర్ అంటే రెట్టింపు ఇస్తే రెట్టింపు వస్తుంది. జనరేటర్‌కీ గ్రిడ్‌కీ మధ్య కనపడని రబ్బరు బ్యాండు ఉందనుకోండి. జనరేటర్ కొంచెం ముందుకి జరిగితే బ్యాండు గట్టిగా వెనక్కి లాగుతుంది. కానీ ముందుకి జరుగుతున్న కొద్దీ ఆ లాగే బలం పెరగడం మందగిస్తుంది. లెక్కల పుస్తకంలో చూస్తే సుమారు 90 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. అది దాటాక లాగే బలం తగ్గడం మొదలవుతుంది. ఇక జనరేటర్ గ్రిడ్‌తో అడుగు కలపలేదు, చేయి జారిపోయినట్టే. తక్కువ లోడులో బాగా పనిచేసిన నంబరు ఈ అంచు దగ్గర ఎందుకు మోసం చేస్తుందో ఇప్పుడు అర్థమైందా?

అలా జరిగితే ఏమవుతుందో 1996 ఆగస్టు 10న అమెరికా పడమటి రాష్ట్రాలు చూశాయి. ఎండ మండిపోతోంది, వేడెక్కిన లైన్లు వేలాడి చెట్లకి తగిలాయి, ఒకదాని తర్వాత ఒకటి పోయాయి. మిగిలిన లైన్లలో పవర్ ఉయ్యాలలా ఊగడం మొదలైంది, సుమారు 4 సెకన్లకి ఒక ఊపు. ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దది. చివరికి గ్రిడ్ ముక్కలైంది, దాదాపు 75 లక్షల కనెక్షన్లకి కరెంటు పోయింది. తర్వాత ఇంజినీర్లు అప్పటిదాకా వాడుతున్న కంప్యూటర్ మోడల్లో అదే సంఘటన నడిపి చూస్తే, అందులో ఊపు చల్లారిపోయింది! మోడల్‌లో ఉన్న గ్రిడ్ వేరు, బయట ఉన్న గ్రిడ్ వేరు.

జనరేటర్లలో ఈ ఊపు ఆపడానికి స్టెబిలైజర్ అని ఒకటి ఉంటుంది. ఉయ్యాలని సరైన సమయంలో పట్టుకుంటే ఆగుతుంది, తప్పు సమయంలో తోస్తే ఇంకా ఊగుతుంది. గ్రిడ్ మారితే ఊగే టైమింగూ మారుతుంది. మరి పాత టైమింగ్‌కి సెట్ చేసిన స్టెబిలైజర్ ఏం చేయాలి?

అందుకే అడాప్టివ్ కంట్రోల్. యంత్రం ఎలా ప్రవర్తిస్తోందో నడుస్తుండగానే కొలుస్తూ, తన నంబర్లు తానే మార్చుకునే కంట్రోలర్. 1973లో స్వీడన్‌లో ఆస్ట్రామ్, విటెన్‌మార్క్ అనే ఇద్దరు సెల్ఫ్ ట్యూనింగ్ రెగ్యులేటర్ మీద రాసిన పేపర్ ఈ రంగంలో చాలా పేరున్నది. తర్వాత కొన్నేళ్లకే కాగితం మిల్లులో, ఇనుప ఖనిజం పిండిచేసే క్రషర్ మీద దీన్ని ప్రయత్నించారు. క్రషర్ ఎందుకంటే, వచ్చే రాయి ఒక్కోసారి మెత్తగా, ఒక్కోసారి గట్టిగా ఉంటుంది. అదీ ఉత్తరాన కిరునాలో క్రషర్, దక్షిణాన లుండ్‌లో కంప్యూటర్, మధ్యలో టెలిఫోన్ లైను! 1970లలో సంగతి ఇది.

మరి ఇంత బాగుంటే అన్నిచోట్లా ఎందుకు పెట్టలేదు? ఇక్కడే అసలు చిక్కుంది. కంట్రోలర్ నేర్చుకోవాలంటే ఏదో ఒకటి జరుగుతూ ఉండాలి. ప్లాంటు వారం రోజులు నిశ్చలంగా నడిచిందంటే దానికి నేర్చుకోవడానికి ఏమీ దొరకదు. దొరికిన చిన్న చిన్న నాయిస్‌నే పాఠం అనుకుని నంబర్లు మెల్లగా పక్కదారి పడతాయి. ఆదివారం ఖాళీ రోడ్డు మీద నడిపి, అమీర్‌పేట ట్రాఫిక్ వచ్చేసింది అనుకున్నట్టు. ఒక రోజు ఉన్నట్టుండి ప్లాంటు గట్టిగా ఊగుతుంది. ఆ ఊపులో కంట్రోలర్ మళ్లీ సరైన నంబరు నేర్చుకుంటుంది, అంతా సద్దుమణుగుతుంది. లాగ్ చూసినవాళ్లకి ఏం జరిగిందో అంతుపట్టదు. దీనికి బర్స్టింగ్ అని పేరు కూడా ఉంది.

ఇంకా ముందే, 1967 నవంబరు 15న, ఇలాంటి కంట్రోలర్ ఉన్న ఎక్స్-15 రాకెట్ విమానం కూలి పైలట్ మైకేల్ ఆడమ్స్ చనిపోయాడు. విమానం దారి తప్పడానికి కారణాలు వేరే ఉన్నాయి. కానీ స్పిన్ నుంచి బయటపడి కిందికి దూసుకొస్తున్నప్పుడు గెయిన్ తగ్గాలి, ఊపులో చిక్కుకున్న అడాప్టివ్ సిస్టమ్ దాన్ని తగ్గించలేదు. విమానం గాల్లోనే విరిగిపోయింది.

అందుకే ప్లాంటుల్లో ఎక్కువగా కనిపించేది ఇంకో పద్ధతి, గెయిన్ షెడ్యూలింగ్. మీ ఫోన్ వెలుతురు చూసి బ్రైట్‌నెస్ మార్చుకుంటుంది కదా, అలా. లోడు ఇంత, నీటిమట్టం ఇంత అయితే ఈ నంబరు వాడు అని ముందే టెస్ట్ చేసి పట్టిక ఇస్తారు. నాకు అడిగితే ఇది బోరింగ్ పద్ధతే, కానీ రాత్రి 2 గంటలకి షిఫ్టులో ఉన్న ఆపరేటర్‌కి ఇదే కావాలి. నేర్చుకునే కంట్రోలర్ పెట్టినా దానికి కళ్లెం వేస్తారు. నంబర్లు ఈ హద్దు దాటకూడదు, డేటాలో విషయం లేనప్పుడు నేర్చుకోవడం ఆపెయ్యాలి, వాల్వు పూర్తిగా తెరుచుకుని ఉన్నప్పుడు వచ్చిన డేటాని నమ్మకూడదు.

మధ్యేమార్గం ఇంకోటి ఉంది, ఆటో ట్యూన్ బటన్. చాలా ఫ్యాక్టరీ కంట్రోలర్లలో ఉంటుంది. ఆపరేటర్ నొక్కితే కంట్రోలర్ కావాలనే ప్రాసెస్‌ని కొన్నిసార్లు చిన్నగా ఊపుతుంది, ఎంత ఊగింది, ఎంతసేపట్లో ఊగింది అని కొలుస్తుంది, దాన్నిబట్టి నంబర్లు లెక్కగట్టి మళ్లీ ఊరుకుంటుంది. మళ్లీ ఎప్పుడు నేర్చుకోవాలో చెప్పేది మాత్రం ఆపరేటరే.