డ్యూటీ నుండి ఇంటికి వచ్చిన జవాన్లకు నిద్ర కోసం మద్యం వద్దు



మన బిడ్డలు కొందరు కాశ్మీర్, సియాచిన్ వంటి చోట్ల డ్యూటీ చేసి సెలవుపైనో, రిటైరయ్యో ఇంటికి వస్తారు. నెలల తరబడి రాత్రిళ్లు మెలకువగా కాపలా కాసిన మనిషికి ఇంట్లో నిద్ర పట్టకపోవచ్చు. టపాకాయ పేలినా ఉలిక్కిపడవచ్చు, చిన్న మాటకే కోపం రావచ్చు. ఇది పిరికితనం కాదు. ప్రమాదానికి అలవాటుపడిన శరీరం ఇంకా కాపలా కాస్తూనే ఉన్నదని అర్థం.

ఇటువంటప్పుడు మిలిటరీ క్యాంటీన్‌లో తక్కువ ధరకు దొరికే రమ్ము సులభమైన దారిగా కనిపిస్తుంది. తాగితే త్వరగా కునుకు పడుతుంది, నిజమే. కాని అర్ధరాత్రి దాటాక ఆ నిద్ర చెదిరిపోతుంది. రోజులు గడిచేకొద్దీ మోతాదు పెరుగుతుంది. నిద్రమాత్రలు మద్యంతో కలిపి వేసుకుంటే శ్వాస ఆగి ప్రాణం పోవచ్చు.

ఇంటివారికి ఒక హెచ్చరిక. రోజూ ఎక్కువగా తాగేవారిని ఒట్టు వేయించి ఒక్కసారిగా మాన్పించకండి. కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు, వాంతులు మొదలు కావచ్చు. రెండు రోజుల్లోగా ఫిట్స్, ఆ తరువాత మతి తప్పి మాట్లాడటం కూడా రావచ్చు. ఇది ప్రాణాపాయం. ఆసుపత్రిలో చేర్చి, తగిన మందులు, బి1 విటమిన్ ఇచ్చి క్షేమంగా మాన్పించవచ్చు.

సాయంత్రం వేళ ఆయనను ఒంటరిగా వదలకండి. నడక, పొలం పని, తోటి మాజీ సైనికులతో నాలుగు మాటలు మేలు చేస్తాయి. టెలిమానస్ నంబరు 14416కు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

సిగ్గుపడి దాచవద్దు. ప్రార్థన చేయండి, డాక్టరు దగ్గరకూ తీసుకురండి.